ఒంట్లో ఉప్పు నిలవని పసికందు: ఆల్డోస్టెరాన్‌కు స్పందించని జబ్బును తేల్చుకోవడం ఎలా

పుట్టి పన్నెండు రోజులైన బిడ్డ. పాలు సరిగా తాగడం లేదు, తాగిన కాసిని కక్కేస్తోంది. పుట్టినప్పుడు 3.1 కిలోలున్న బరువు 2.7కి దిగింది. కదలిక తగ్గి మత్తుగా పడి ఉంటోంది. రక్త పరీక్షలో సోడియం 118, పొటాషియం 8.4 (లీటరుకు మిల్లీమోళ్లు). ఈ రెండు అంకెలు చూడగానే అందరి నోటా వచ్చే మొదటి మాట సీఏహెచ్, అంటే అడ్రినల్ గ్రంథి పుట్టుకతోనే హార్మోన్లు సరిగా తయారుచేయలేని జబ్బు. చాలాసార్లు అదే నిజమవుతుంది కూడా. అయితే కొందరు పిల్లలకు కార్టిసోల్‌కు బదులు హైడ్రోకార్టిసోన్ ఇచ్చినా, ఆల్డోస్టెరాన్‌కు బదులు ఫ్లూడ్రోకార్టిసోన్ మొదలుపెట్టినా సెలైన్ ఆపగానే సోడియం మళ్లీ జారిపోతుంది, పొటాషియం మళ్లీ ఎక్కుతుంది. వాళ్ల ఒంట్లో, ఉప్పును నిలిపే ఆల్డోస్టెరాన్ హార్మోన్‌కు కొరతే లేదు, రక్తంలో పొంగిపొర్లుతూ ఉంటుంది. దాని మాట వినాల్సిన కిడ్నీ పెడచెవిన పెడుతోంది.

దీని పేరు సూడోహైపోఆల్డోస్టెరానిజం, మొదటి రకం. చీక్, పెర్రీ అనే ఇద్దరు 1958లో దీన్ని మొదట వర్ణించారు. ఇకపై పీహెచ్‌ఏ అందాం. పిల్లల వార్డులో, నవజాత శిశువుల ఐసీయూలో పనిచేసే డాక్టర్లు, నర్సుల కోసం రాసిన మార్గదర్శిని ఇది. బిడ్డకు ఈ అనుమానం ఉందని విన్న తల్లిదండ్రులు కూడా ఏ పరీక్ష ఎందుకు చేస్తున్నారో తెలుసుకోవడానికి చదవొచ్చు. మోతాదులు మాత్రం ఆసుపత్రిలో, మానిటర్ పెట్టి ఇచ్చేవి. ఇంట్లో ప్రయత్నించేవి కావు.

లోపల ఏం జరుగుతోంది

ఆల్డోస్టెరాన్ పని చేసేది కిడ్నీ గొట్టాల చివరి భాగంలో. అక్కడి కణాల్లోని మినరలోకార్టికాయిడ్ రిసెప్టర్‌కు అతుక్కుని, ఈనాక్ అనే సోడియం ద్వారాలను తెరిపిస్తుంది. సోడియం లోపలికి వస్తుంది, దానికి బదులుగా పొటాషియం, ఆమ్లం మూత్రంలోకి పోతాయి. ఈ వరుసలో ఎక్కడ తెగినా ఫలితం ఒకటే: ఉప్పు, దాని వెంట నీరు మూత్రంలో కారిపోతాయి, పొటాషియం, ఆమ్లం ఒంట్లో పేరుకుంటాయి. రక్తనాళాల్లో నీరు తగ్గిందని గ్రహించి కిడ్నీ రెనిన్ పెంచుతుంది, రెనిన్ ఆల్డోస్టెరాన్‌ను పెంచుతుంది. కేకలు పెరుగుతాయే తప్ప వినేవాళ్లు ఉండరు.

వంశపారంపర్యంగా వచ్చే పీహెచ్‌ఏ రెండు విధాలు. రిసెప్టర్‌ను తయారుచేసే ఎన్‌ఆర్3సీ2 జన్యువు ఒక ప్రతిలో దెబ్బతింటే కిడ్నీకి మాత్రమే పరిమితమైన రకం వస్తుంది. అమ్మ లేదా నాన్న నుంచి ఒక్క ప్రతి వచ్చినా చాలు, లేదా బిడ్డలోనే కొత్తగా పుట్టొచ్చు. ఇది కాస్త తేలికైనది, వయసుతో పాటు సర్దుకుంటుంది. ఈనాక్ ద్వారాన్ని కట్టే మూడు ముక్కల జన్యువులు ఎస్‌సీఎన్‌ఎన్1ఏ, ఎస్‌సీఎన్‌ఎన్1బీ, ఎస్‌సీఎన్‌ఎన్1జీ. వీటిలో ఏదో ఒక జన్యువు రెండు ప్రతుల్లోనూ దెబ్బతింటే ఒళ్లంతా వ్యాపించిన రకం వస్తుంది. కిడ్నీతో పాటు చెమట గ్రంథులు, లాలాజల గ్రంథులు, పెద్దపేగు, ఊపిరితిత్తుల గొట్టాలు అన్నిటిలోనూ ఇదే ద్వారం ఉంటుంది కాబట్టి అన్నిచోట్లా ఉప్పు పోతుంది. ఇది తీవ్రం, జీవితాంతం ఉంటుంది. సాధారణంగా మొదటి రెండు వారాల్లోనే బయటపడుతుంది, పొటాషియం గుండెను ఆపేంత ఎక్కుతుంది.

మామూలు నవజాత శిశువు కిడ్నీ కూడా ఆల్డోస్టెరాన్‌కు పెద్దవాళ్ల కిడ్నీ అంత బాగా స్పందించదు. అందుకే ఆ వయసులో ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ రెనిన్, ఆల్డోస్టెరాన్ ఎక్కువగా ఉంటాయి. రిపోర్టు చదివేటప్పుడు ఇది బాగా పనికొస్తుంది.

మందు కంటే ముందు శాంపిల్

రోగ నిర్ధారణ చాలాసార్లు మొదటి అరగంటలోనే చిక్కుతుంది, లేదా చేజారుతుంది. హైడ్రోకార్టిసోన్ సూది పడిన తర్వాత తీసిన కార్టిసోల్‌కు అర్థం లేదు. లీటరుకు 154 మిల్లీమోళ్ల సోడియం ఉన్న సెలైన్ ఎక్కిన తర్వాత పట్టిన మూత్రంలో సోడియం ఎక్కువగా ఉంటే అది కిడ్నీ లోపమో, మనం ఎక్కించిన ఉప్పో చెప్పలేం. కాబట్టి రక్తనాళంలో సూది పెట్టిన క్షణంలోనే, మందు ఎక్కకముందే శాంపిళ్లు తీయాలి. బిడ్డ పరిస్థితి మరీ విషమంగా ఉంటే వీటికోసం చికిత్స ఆపకూడదు. కానీ కాన్యులా పెట్టగానే 4-5 మి.లీ. రక్తం తీయడానికి పట్టేది ఒక నిమిషమే. మూడు కిలోల బిడ్డలో మొత్తం రక్తం దాదాపు 240 మి.లీ. ఉంటుంది కాబట్టి ఆ మాత్రం తీసినా నష్టం లేదు.

తీయాల్సినవి: సోడియం, పొటాషియం, క్లోరైడ్, యూరియా, క్రియాటినిన్, కాల్షియం, గ్లూకోజ్, బ్లడ్ గ్యాస్, ప్లాస్మా ఆస్మొలాలిటీ (కరిగిన పదార్థాల గాఢత). హార్మోన్లలో 17-ఓహెచ్‌పీ (సీఏహెచ్‌లో పేరుకునే స్టిరాయిడ్), కార్టిసోల్, ఏసీటీహెచ్ (అడ్రినల్‌ను పని చేయించే పిట్యూటరీ హార్మోన్), రెనిన్, ఆల్డోస్టెరాన్. ఇన్ఫెక్షన్ అనుమానం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి బ్లడ్ కల్చర్. రక్తం దొరకడం కష్టమై 2 మి.లీ.తో సరిపెట్టుకోవాల్సి వస్తే ముందు పొటాషియం, గ్లూకోజ్, ఆ తర్వాత 17-ఓహెచ్‌పీ, కార్టిసోల్, ఆపైన ఆల్డోస్టెరాన్, రెనిన్. ఏసీటీహెచ్‌ను వదిలేసినా ఫర్వాలేదు. నవజాత శిశువుల్లో కార్టిసోల్‌కు పగలు-రాత్రి లయ ఇంకా ఏర్పడదు, కాబట్టి ఉదయం ఎనిమిది దాకా ఆగాల్సిన పనిలేదు.

శాంపిల్‌ను ల్యాబ్‌కు చేర్చడంలో జరిగే పొరపాటు ఒకటుంది. ఏసీటీహెచ్ ఈడీటీఏ ట్యూబులో (రక్తం గడ్డకట్టకుండా మందు వేసినది) ఐస్ మీద వెళ్లాలి, లేకపోతే అది విరిగిపోయి తప్పుగా తక్కువ చూపిస్తుంది. రెనిన్ కూడా ఈడీటీఏ ట్యూబే, కానీ ఐస్ మీద పెట్టకూడదు. చల్లదనానికి రక్తంలోని ప్రోరెనిన్ చురుకైన రెనిన్‌గా మారి అంకె తప్పుగా పెరుగుతుంది. గది ఉష్ణోగ్రతలోనే ప్లాస్మాను వేరుచేసి, వెంటనే ఫ్రీజ్ చేయాలి. రెండు ట్యూబులనూ కలిపి ఒకే ఐస్ డబ్బాలో పంపితే రెండిట్లో ఒకటి పాడైనట్టే. ట్యూబు మీద ఈ మాట రాసి పంపడం మంచిది.

మూత్రం కోసం మొదటినుంచీ సంచి అంటించి ఉంచండి. సెలైన్ ఎక్కకముందు గానీ, మొదలైన వెంటనే గానీ పోసిన మూత్రంలో సోడియం, పొటాషియం, క్రియాటినిన్, ఆస్మొలాలిటీ చూడాలి. వాటికి సంచిలోని మూత్రం సరిపోతుంది, కల్చర్‌కు మాత్రం పనికిరాదు. చర్మం మీది క్రిములు కలిసి లేని ఇన్ఫెక్షన్‌ను చూపిస్తాయి. కల్చర్‌కు కాథెటర్‌తో గానీ, పొత్తికడుపు మీదుగా సూదితో గానీ తీయాలి.

ఆ పొటాషియం నిజమేనా

మడమ గుచ్చి పిండిన రక్తంలో కణాలు పగిలి పొటాషియం ఎక్కువ చూపించడం రోజూ జరిగేదే. ల్యాబ్ 'హీమోలైజ్డ్' అని రాస్తే సిరలోంచి మళ్లీ తీయండి. బ్లడ్ గ్యాస్ యంత్రాలు చాలావరకు పగిలిన కణాలను గుర్తించవు, అవి చూపే అంకెను మాత్రమే నమ్మి ధీమాగా ఉండకండి. ఇంకొకటి: పొటాషియం విపరీతంగా ఎక్కువ, కాల్షియం నమ్మశక్యం కానంత తక్కువ ఉంటే ఈడీటీఏ ట్యూబులోని మందు వేరే ట్యూబులోకి చేరిందేమో చూడండి. అందులో ఉండేది పొటాషియం లవణమే, అది కాల్షియాన్ని కూడా లాగేసుకుంటుంది. ఈడీటీఏ ట్యూబును చివర నింపితే ఈ బాధ ఉండదు.

మళ్లీ తీసిన ఫలితం వచ్చేలోగా ఈసీజీ చూడండి. టీ తరంగం గుడారంలా నిక్కి ఉండటం, పీఆర్ దూరం పెరగడం, పీ తరంగం చదునుగా మారడం, క్యూఆర్ఎస్ వెడల్పు కావడం ఆ వరుసలో ప్రమాదాన్ని చెబుతాయి. ఈసీజీ మామూలుగా ఉందని మాత్రం పొటాషియం మామూలేనని అనుకోవద్దు. నవజాత శిశువులో 8 దాటినా కొన్నిసార్లు ఈసీజీ మామూలుగానే ఉంటుంది.

నిజమైన పొటాషియమే అయితే ఆగకూడదు. ఈసీజీలో మార్పులుంటే 10% కాల్షియం గ్లూకోనేట్ కిలోకు 0.5 మి.లీ. చొప్పున 5-10 నిమిషాల్లో, మానిటర్ చూస్తూ. అది పొటాషియాన్ని తగ్గించదు, గుండెను కాపాడుతుంది. పొటాషియాన్ని కణాల్లోకి నెట్టడానికి నెబ్యులైజర్‌తో సాల్బుటమాల్ 2.5 మి.గ్రా., కిలోకు 0.1 యూనిట్ ఇన్సులిన్‌తో పాటు 0.5 గ్రా. గ్లూకోజ్, అంటే 10% డెక్స్‌ట్రోజ్ 5 మి.లీ. ఇన్సులిన్ ఇస్తే తర్వాత కొన్ని గంటలు గ్లూకోజ్ చూస్తూనే ఉండాలి. ఆమ్లం పేరుకుని ఉంటే కిలోకు 1 మిల్లీమోల్ సోడియం బైకార్బొనేట్, ఇది కాల్షియం ఎక్కుతున్న గొట్టంలో కలవకూడదు, గడ్డకడుతుంది. నీరు తగ్గి రక్తప్రసరణ కుంగితే 0.9% సెలైన్ కిలోకు 10-20 మి.లీ. శాంపిళ్లు తీసేశాక, అడ్రినల్ లోపం లేదని తేలేదాకా హైడ్రోకార్టిసోన్ కూడా ఇవ్వాలి, నవజాత శిశువుకు సాధారణంగా 25 మి.గ్రా. పీహెచ్‌ఏ అయి ఉంటుందన్న అనుమానంతో ఈ సూదిని ఆపడం పెద్ద తప్పు. పీహెచ్‌ఏ బిడ్డకు ఒకటి రెండు రోజుల హైడ్రోకార్టిసోన్ వల్ల నష్టం ఉండదు, సీఏహెచ్ బిడ్డకు అది అందకపోతే ప్రాణమే పోతుంది.

సోడియాన్ని ఎక్కించే తొందరలో రోజుకు 8-10 మిల్లీమోళ్ల కంటే ఎక్కువ పెరగనివ్వకండి. చాలా రోజులుగా తగ్గిన సోడియం ఒక్కసారిగా పెరిగితే మెదడుకు హాని. ఫిట్స్ వస్తుంటే అది వేరే సంగతి, అప్పుడు 3% సెలైన్‌తో ఫిట్స్ ఆగేంత మేర పెంచక తప్పదు.

మూత్రం ఏం చెబుతోంది

వాంతులు, విరేచనాలతో ఉప్పు పోయిన బిడ్డ కిడ్నీ చుక్క సోడియం కూడా వదలదు, మూత్రంలో సోడియం 20 లోపే ఉంటుంది. రక్తంలో సోడియం 118 ఉన్నప్పుడు మూత్రంలో 62 ఉందంటే కిడ్నీయే పారబోస్తోందని అర్థం. దీన్ని ఫ్రాక్షనల్ ఎక్స్‌క్రీషన్‌గా, అంటే వడపోతకు వచ్చిన సోడియంలో ఎంత శాతం మూత్రంలో పోయిందో లెక్కవేస్తే ఇంకా స్పష్టం. మూత్రపు సోడియాన్ని రక్తపు క్రియాటినిన్‌తో గుణించి, దాన్ని రక్తపు సోడియం, మూత్రపు క్రియాటినిన్‌ల లబ్ధంతో భాగించి, వందతో గుణించాలి. పైన చెప్పిన బిడ్డకు రక్తంలో క్రియాటినిన్ 0.8, మూత్రంలో 14 మి.గ్రా. ఉన్నాయనుకోండి: (62 × 0.8) ÷ (118 × 14) × 100 = 3%. నెలలు నిండి పుట్టిన బిడ్డ ఉప్పు కరువులో ఉన్నప్పుడు ఇది 1% లోపు ఉండాలి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో కిడ్నీ పక్వం కాక మామూలుగానే ఎక్కువ ఉంటుంది, వాళ్లకు ఈ హద్దు వర్తించదు.

పొటాషియం వైపు చూడటానికి, అంటే గొట్టం చివర కిడ్నీ దాన్ని ఎంత గట్టిగా బయటకు తోస్తోందో అంచనా వేయడానికి, టీటీకేజీ అనే లెక్క ఉంది. మూత్రపు పొటాషియాన్ని రక్తపు పొటాషియంతో భాగించి, వచ్చినదాన్ని మూత్రపు ఆస్మొలాలిటీ, ప్లాస్మా ఆస్మొలాలిటీల నిష్పత్తితో భాగించాలి. మూత్రంలో పొటాషియం 14, ఆస్మొలాలిటీ 300, ప్లాస్మాలో 258 అయితే (14 ÷ 8.4) ÷ (300 ÷ 258) = 1.4. పొటాషియం ఇంత ఎక్కువగా ఉన్నప్పుడు ఆరోగ్యమైన శిశువు కిడ్నీ దాన్ని గట్టిగా బయటకు తోస్తుంది, ఈ అంకె సాధారణంగా 5 పైన ఉంటుంది. 4 లోపు ఉంటే ఆల్డోస్టెరాన్ లేదు, లేదా ఉన్నా పనిచేయడం లేదు. ఆ రెండిట్లో ఏది అన్నది ఈ లెక్క చెప్పలేదు. మూత్రం ప్లాస్మా కంటే పలచగా ఉన్నా, మూత్రంలో సోడియం 25 లోపు ఉన్నా ఈ లెక్కను నమ్మకండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒంట్లో ఉప్పు పూర్తిగా అడుగంటిన బిడ్డలో వడపోతకు వచ్చే సోడియమే తక్కువ, కాబట్టి పీహెచ్‌ఏ ఉన్నా మూత్రపు సోడియం అంత ఎక్కువగా కనిపించకపోవచ్చు. ఒళ్లంతా వ్యాపించిన రకంలో చెమట, పేగుల ద్వారా కూడా పోతుంది. మూత్రపు సోడియం 25 ఉందని అనుమానాన్ని కొట్టేయకుండా, లోటు కొంత పూడాక మళ్లీ చూడాలి.

ముందు మూత్రంలో ఇన్ఫెక్షన్ వెతకండి

ఇదే అంకెలు, ఇంతే ఎత్తైన ఆల్డోస్టెరాన్, అయినా జన్యువుల్లో ఏ లోపమూ లేని పిల్లలు వంశపారంపర్య రకం కంటే ఎక్కువగా కనిపిస్తారు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మూత్ర మార్గంలో అడ్డంకి, లేదా రెండూ కలిసినప్పుడు పసి కిడ్నీ తాత్కాలికంగా ఆల్డోస్టెరాన్‌ను వినడం మానేస్తుంది. ఇది ఎక్కువగా మొదటి మూడు నెలల్లో, ఆరు నెలల తర్వాత అరుదుగా వస్తుంది. మగపిల్లల్లో మూత్రనాళపు వెనుక కవాటాలు, కిడ్నీ-యురేటర్ కలిసే చోట ఇరుకు, మూత్రం వెనక్కి ఎగదన్నడం సాధారణ కారణాలు.

ఆల్డోస్టెరాన్ ఎంత ఎక్కువ ఉందన్నదాన్ని బట్టి ఈ తాత్కాలిక రకాన్ని వంశపారంపర్య రకం నుంచి విడదీయలేం. అందుకే జన్యు పరీక్ష ఫారం నింపే ముందు మూత్రం కల్చర్, కిడ్నీ అల్ట్రాసౌండ్ తప్పనిసరి. అల్ట్రాసౌండ్ చేసేవాళ్లను మూత్రాశయపు గోడ మందం, యురేటర్ల వెడల్పు ప్రత్యేకంగా చూడమనండి. ఉప్పు ఎక్కిస్తూ యాంటీబయాటిక్ ఇస్తే, లేదా కాథెటర్‌తో అడ్డంకి తొలగిస్తే అంకెలు రోజుల్లోనే దారికొస్తాయి. తర్వాత అదనపు ఉప్పు లేకుండానే సోడియం, పొటాషియం నిలకడగా ఉంటే జన్యు పరీక్ష అక్కర్లేదు. అలా నిలబడకపోతే ఇన్ఫెక్షన్ ఉన్నంత మాత్రాన వంశపారంపర్య రకం లేదని అనుకోకూడదు, ఇన్ఫెక్షనే దాన్ని బయటపెట్టి ఉండొచ్చు.

మందుల చీటీ కూడా ఒకసారి చూడండి. స్పైరనోలాక్టోన్, అమిలోరైడ్, ట్రైమెథోప్రిమ్ ఇదే రూపం చూపిస్తాయి. ట్రైమెథోప్రిమ్ ఈనాక్ ద్వారాన్నే మూసేస్తుంది. మూత్రం ఇన్ఫెక్షన్‌కు ఆ మందే ఇచ్చి పొటాషియం పెరిగిందని తికమకపడే అవకాశం ఉంది.

హార్మోన్ రిపోర్టులు చదవడం

17-ఓహెచ్‌పీ మొదట తెరవాల్సిన కాగితం. ఉప్పు పోయే రకం సీఏహెచ్‌లో ఇది చాలాసార్లు డెసిలీటరుకు 10,000 నానోగ్రాములు దాటుతుంది. ఇబ్బంది ఉండేది మధ్యలో. పుట్టిన మొదటి రెండు రోజులు, నెలలు నిండని పిల్లలు, బాగా జబ్బుపడిన పిల్లల్లో ఇది ఒక మోస్తరుగా పెరుగుతుంది. ఇమ్యునోఅస్సే పద్ధతిలో గర్భస్థ దశ నుంచి మిగిలిన ఇతర స్టిరాయిడ్లు కూడా కలిసి లెక్కకొస్తాయి. ఆల్డోస్టెరాన్‌కూ ఇదే చిక్కు. కాబట్టి వీలున్నచోట స్టిరాయిడ్లను విడదీసి కొలిచే ఎల్‌సీ-మాస్ స్పెక్ట్రోమెట్రీతో చేయించండి.

విషమ స్థితిలో ఉన్న బిడ్డలో కార్టిసోల్ డెసిలీటరుకు 18-20 మైక్రోగ్రాములు దాటితే అడ్రినల్ గ్రంథి మొత్తంగా విఫలమైందని అనుకోవడానికి కారణం లేదు. సందేహముంటే ఏసీటీహెచ్ ప్రేరణ పరీక్ష చేయాలి. బిడ్డను నిశితంగా చూడటం కూడా పరీక్షే: సీఏహెచ్ ఉన్న ఆడపిల్లలో జననాంగాలు మగపోలికలో ఉంటాయి, మగపిల్లల్లో వృషణాల తిత్తి, చనుమొనలు నల్లబడి ఉండొచ్చు, గ్లూకోజ్ తగ్గొచ్చు. పీహెచ్‌ఏలో ఇవేవీ ఉండవు. మగబిడ్డ మామూలుగా కనిపించాడని సీఏహెచ్‌ను కొట్టేయకండి, చాలామంది మగపిల్లలు అలాగే ఉంటారు.

17-ఓహెచ్‌పీ, కార్టిసోల్ రెండూ సరిగా ఉంటే మిగిలిన తీర్పు ఆల్డోస్టెరాన్‌దే. రెనిన్ ఎక్కువ, ఆల్డోస్టెరాన్ తక్కువ అయితే ఆల్డోస్టెరాన్‌ను తయారుచేసే ఎంజైమే లోపించింది, జన్యువు సీవైపీ11బీ2, ఫ్లూడ్రోకార్టిసోన్ బాగా పనిచేస్తుంది. రెనిన్, ఆల్డోస్టెరాన్ రెండూ ఎక్కువ, అయినా పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ అయితే అది పీహెచ్‌ఏ. ఎంత ఎక్కువ అన్నది వయసుకు తగిన హద్దులతో పోల్చాలి. పెద్దవాళ్ల హద్దులు ముద్రించిన రిపోర్టులో ఆరోగ్యమైన పదిరోజుల బిడ్డ కూడా ఎర్ర అక్షరాల్లోనే కనిపిస్తుంది. పీహెచ్‌ఏలో శిశువుల పైహద్దుకు పది రెట్లు దాటడం సాధారణం. యూనిట్లు కూడా చూసుకోండి: డెసిలీటరుకు నానోగ్రాములను 27.7తో గుణిస్తే లీటరుకు పికోమోళ్లు వస్తాయి. ఈ మార్పు మరచిపోయి రెండు ల్యాబుల రిపోర్టులను పక్కపక్కన పెట్టి కంగారుపడటం అరుదేమీ కాదు.

సరిహద్దులో ఉన్న ఆల్డోస్టెరాన్ అంకెను పొటాషియంతో కలిపి చదవాలి. పొటాషియం 8 ఉన్న బిడ్డలో 'నార్మల్' ఆల్డోస్టెరాన్ నిజానికి తక్కువే, ఎందుకంటే పొటాషియమే దాన్ని పైకి తోయాలి.

పుట్టినప్పుడు ఉమ్మనీరు ఎక్కువగా ఉండి, నెలలు నిండకుండా పుట్టి, మొదటి రోజుల్లో ఇవే అంకెలు చూపి, తర్వాత పొటాషియం దానంతట అదే తగ్గి కిందికి దిగిపోతే, కిడ్నీ ఉప్పును నిలుపుకోలేని మరో పుట్టుజబ్బైన బార్టర్ సిండ్రోమ్‌ను తలచుకోండి. కేసీఎన్‌జే1 జన్యులోపంతో వచ్చే బార్టర్ మొదట్లో అచ్చం పీహెచ్‌ఏలా కనిపిస్తుంది.

స్టిరాయిడ్‌కు స్పందించాడా, ఉప్పుకు స్పందించాడా

తప్పుడు నిర్ధారణ ఎక్కువగా ఇక్కడే స్థిరపడిపోతుంది. అత్యవసరంలో హైడ్రోకార్టిసోన్, సెలైన్ ఒకేసారి మొదలవుతాయి. రెండు రోజుల్లో సోడియం పెరిగి పొటాషియం తగ్గుతుంది. ఆ మేలును స్టిరాయిడ్ ఖాతాలో వేసి, సీఏహెచ్ అని రాసి పంపేస్తారు. నిజానికి పని చేసింది సెలైన్. గొట్టం చివరిదాకా సోడియం సమృద్ధిగా చేరితే, లోపమున్న కిడ్నీ కూడా కొంత పొటాషియాన్ని బయటకు పంపగలదు.

విడదీయాలంటే రెండిట్లో ఒకదాన్ని కదలకుండా ఉంచాలి. రోజుకు ఇచ్చే సోడియాన్ని లెక్కగట్టి అంతే ఉంచి, ఫ్లూడ్రోకార్టిసోన్ రోజుకు 0.1-0.2 మి.గ్రా. ఇస్తూ మూడు నాలుగు రోజులు సోడియం, పొటాషియం చూడండి. హార్మోన్ కొరత ఉన్న బిడ్డలో పొటాషియం దిగి, ఉప్పు అవసరం తగ్గుతుంది. పీహెచ్‌ఏలో ఏ మార్పూ ఉండదు. రిసెప్టర్ సగం మిగిలే కిడ్నీ రకంలో కొద్దిపాటి కదలిక కనిపించవచ్చు. హైడ్రోకార్టిసోన్ కూడా కొంత ఫ్లూడ్రోకార్టిసోన్ పని చేస్తుందని గుర్తుంచుకుని, ఆ రోజుల్లో పెద్ద మోతాదు హైడ్రోకార్టిసోన్ నడుస్తుంటే ఫలితాన్ని ఆచితూచి చదవండి.

ఎంత ఉప్పు కావాలన్నదే ఒక ఆధారం. తల్లిపాలతో బిడ్డకు రోజుకు కిలోకు దాదాపు 1 మిల్లీమోల్ సోడియం అందుతుంది. కిడ్నీ రకం బిడ్డలకు మొదట్లో 3 నుంచి 20 దాకా, ఒళ్లంతా వ్యాపించిన రకానికి 20 నుంచి 50 దాకా కావాల్సి వస్తుంది. ఒక గ్రాము ఉప్పులో 17 మిల్లీమోళ్ల సోడియం ఉంటుంది, అంటే మూడు కిలోల బిడ్డకు కిలోకు 10 చొప్పున ఇవ్వాలంటే రోజుకు 1.8 గ్రాముల ఉప్పు. దాన్ని పాలన్నిటిలో పంచి ఇవ్వాలి, ఒకేసారి ఇస్తే వాంతి చేసుకుంటుంది. ప్రతి ద్రవంలోని సోడియాన్నీ లెక్కలో వేయండి: 0.9% సెలైన్ ప్రతి మి.లీ.లో 0.154, 3% సెలైన్‌లో 0.513, 8.4% బైకార్బొనేట్‌లో 1 మిల్లీమోల్. యాంటీబయాటిక్‌తో పాటు, గొట్టం కడగడానికి వాడిన సెలైన్‌తో పాటు పోయే సోడియం చిన్నబిడ్డలో తక్కువేమీ కాదు.

కిడ్నీ ఒక్కటేనా, ఒళ్లంతానా

చెమట పరీక్ష ఇది తేలుస్తుంది. ఒళ్లంతా వ్యాపించిన రకంలో చెమటలో క్లోరైడ్, సోడియం బాగా ఎక్కువ, క్లోరైడ్ 60 మిల్లీమోళ్లు దాటుతుంది. కిడ్నీ రకంలో మామూలుగా ఉంటుంది. పరీక్షకు బిడ్డ రెండు కిలోలకు పైన ఉండాలి, రెండు వారాలు దాటితే మంచిది, ఒంట్లో నీరు సరిగా ఉండాలి. చెమట చాలినంత రాకపోతే, చెమటను పట్టే మాక్రోడక్ట్ గొట్టంలో 15 మైక్రోలీటర్లకు తక్కువైతే, ఆ ఫలితాన్ని వాడకూడదు. ఎలాగోలా లెక్కకట్టమని ల్యాబ్‌ను ఒత్తిడి చేయకండి, కొన్ని రోజులాగి మళ్లీ చేయించండి.

చెమటలో ఉప్పు, దానికి తోడు తడి దగ్గు, పిల్లికూతలు చూసి సిస్టిక్ ఫైబ్రోసిస్ (చెమటలో ఉప్పు పోయే, ఊపిరితిత్తులు దెబ్బతినే మరో జన్యు జబ్బు) అని తీర్మానించే ప్రమాదం ఉంది. ఈనాక్ లేనప్పుడు ఊపిరి గొట్టాల్లోని నీటిని కణాలు పీల్చుకోలేవు, అందుకే ఈ పిల్లలకు తొలి వారాల నుంచి, నెలల నుంచి పదేపదే దగ్గు, కళ్లె వస్తాయి. తేడా పొటాషియంలో ఉంది. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో ఉప్పు పోయినప్పుడు పొటాషియం తగ్గి రక్తం క్షారంవైపు జరుగుతుంది, పీహెచ్‌ఏలో రెండూ దానికి ఎదురు. ఉప్పు సంక్షోభం వేళ చెమటకాయల్లాంటి పొక్కులు రావడం, బిడ్డను ముద్దాడితే ఉప్పగా తగలడం కూడా ఒళ్లంతా ఉన్న రకాన్నే సూచిస్తాయి. తల్లి ఇలా చెబితే కేసు షీటులో రాయండి.

జన్యు పరీక్ష, తల్లిదండ్రులు

బిడ్డకు రక్తం ఎక్కించకముందే ఈడీటీఏలో 1-2 మి.లీ. పక్కన పెట్టుకోండి. ప్యానెల్‌లో ఎన్‌ఆర్3సీ2, మూడు ఎస్‌సీఎన్‌ఎన్1 జన్యువులతో పాటు సీవైపీ11బీ2, ఎన్‌ఆర్0బీ1, కేసీఎన్‌జే1 ఉన్నాయో లేదో చూసుకోండి. సీఏహెచ్‌కు కారణమైన సీవైపీ21ఏ2 పక్కనే దాన్ని పోలిన పనిచేయని నకలు జన్యువు ఉంటుంది కాబట్టి మామూలు ప్యానెల్ దాన్ని సరిగా చదవలేదు, దానికి ప్రత్యేక పరీక్ష కావాలి. ఎన్‌ఆర్3సీ2లో కొన్నిసార్లు పెద్ద ముక్కే ఎగిరిపోతుంది, అక్షరాలు చదివే పరీక్షలో అది కనబడదు. లక్షణాలు గట్టిగా ఉండి ప్యానెల్‌లో ఏమీ దొరకకపోతే, ఎగిరిపోయిన ముక్కలను పట్టే ఎంఎల్‌పీఏ పరీక్ష అడగండి.

అర్థం తేలని మార్పు వస్తే తల్లిదండ్రుల రక్తం చూడాలి. కిడ్నీ రకంలో జన్యులోపమున్న అమ్మ గానీ నాన్న గానీ ఏ ఇబ్బందీ లేకుండా పెరిగి ఉండొచ్చు, సోడియం, పొటాషియం మామూలుగానే ఉంటాయి, ఆల్డోస్టెరాన్ ఒక్కటే ఎక్కువగా ఉంటుంది. కాబట్టి ఇద్దరికీ ఆల్డోస్టెరాన్ చేయించడం చవకైన, విలువైన ఆధారం. 'మా ఇంట్లో ఎవరికీ లేదు' అన్న మాట ఈ రకాన్ని తోసిపుచ్చదు. ఒళ్లంతా ఉన్న రకంలో తల్లిదండ్రులిద్దరూ ఒక్కో లోపపు ప్రతిని మోస్తూ ఆరోగ్యంగా ఉంటారు. దగ్గరి రక్తసంబంధీకుల వివాహాల్లో ఇలా జరిగే అవకాశం ఎక్కువ. ఇద్దరూ మోస్తుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25%. కిడ్నీ రకంలో తల్లిదండ్రుల్లో ఒకరికి లోపం ఉంటే 50%.

ఆ ఇంట్లో తర్వాతి బిడ్డ పుట్టినప్పుడు జన్యు ఫలితం కోసం ఎదురుచూడకుండా మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు సిరలోంచి సోడియం, పొటాషియం చూడాలి, రోజూ బరువు తూచాలి. ఒళ్లంతా ఉన్న రకం అయితే మొదటి వారమంతా ఆసుపత్రిలోనే ఉంచి, రోజూ పరీక్షించడం మంచిది. ఆ పిల్లల్లో పొటాషియం ఒక్క రోజులోనే గుండెను ఆపే స్థాయికి చేరగలదు.